నా ఒంట్లో 270 రూపాయలు

నన్ను కలకత్తా కప్ అంటారు. ఏటా ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు రగ్బీలో తలపడేది నా కోసమే. పుట్టింది కలకత్తాలో. సొంత ఇల్లు మాత్రం లండన్ శివార్లలోని ట్వికెన్‌హామ్‌లోని రగ్బీ మ్యూజియం. నిలబెడితే మూరెడు ఉంటాను. నన్ను పట్టుకోవడానికి మూడు పిడులు, మూడూ నాగుపాములే. మూత మీద అంబారీ మోస్తున్న ఏనుగు. నాగుల చవితికి మీరు పుట్టలో పాలు పోస్తారు. నా నాగుల మెడలు పట్టుకుని నాలో విస్కీ పోసినవాళ్ళూ ఉన్నారు.

ఒక క్లబ్బు చచ్చిపోబట్టి నేను పుట్టాను. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలోని ఇంగ్లీషువాళ్ళు ఒకవైపు, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్ళు ఇంకోవైపు, జట్టుకు ఇరవై మంది చొప్పున దిగి రగ్బీ ఆడారు. రుచి మరిగి వారం తిరిగేసరికి మళ్ళీ ఆడారు. మరుసటి నెలలోనే క్లబ్బు వెలిసింది. 1874లో దానికి ఇంగ్లండ్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌లో సభ్యత్వం కూడా దక్కింది. కానీ బెంగాల్ ఉక్కపోతలో ఒకరి మీద ఒకరు పడి దొర్లే ఆట ఎన్నాళ్ళు సాగుతుంది? కొందరి మనసు పోలో మీదికి, టెన్నిస్ మీదికి మళ్ళింది. ఆటగాళ్ళను అందించిన పటాలం ఊరు విడిచి వెళ్ళింది. వీటన్నిటినీ మించిన దెబ్బ ఇంకొకటి ఉంది: క్లబ్బులో ఉచితంగా పోసే మందు ఆపేశారు. దాంతో సభ్యులు పలచబడ్డారు.

కెప్టెన్, కార్యదర్శి, కోశాధికారి అన్నీ తానే అయి క్లబ్బును మోస్తున్న జి.ఎ. జేమ్స్ రోత్నీ చివరికి లెక్క చూస్తే, బ్యాంకులో కొంత సొమ్ము మిగిలి ఉంది. ఒక పెద్ద విందు చేసుకుని చేతులు దులుపుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆయన అలా చేయలేదు. ఆ సొమ్ముతో కప్పు చేయించి ఇస్తాం, ఏటా దాని కోసం ఆడించండి అని 1877 డిసెంబరులో యూనియన్‌కు ఉత్తరం రాశాడు. వాళ్ళు సరేనన్నారు.

అప్పటి వెండి రూపాయి సరిగ్గా తులం తూగేది. బ్యాంకులో మిగిలిన సొమ్ములోంచి అలాంటివి 270 మూసలో పడ్డాయి. రాణి విక్టోరియా ముఖం మెత్తబడింది, కిరీటం కుంగింది, అంచు గీతలు చెరిగిపోయాయి. రాణిగారు కరిగిన చోటి నుంచే పాములు పడగలెత్తాయి. డబ్బుగా పనికివచ్చే యోగం నాకు ఆ రోజుతో సరి.

1879 మార్చిలో ఎడిన్‌బరోలోని రేబర్న్ ప్లేస్‌లో నా కోసం తొలి పోటీ జరిగింది. ఎవరూ గెలవలేదు. మరుసటి ఏడు ఇంగ్లండ్ నన్ను దక్కించుకుంది. నా పీట మీద కెప్టెన్ల పేర్లు చెక్కడం మొదలైంది. ఆ పేర్లవాళ్ళలో ఒక్కరికీ ఆడినందుకు పైసా జీతం లేదు. వంద ఏళ్ళకు పైగా అదే తీరు. జీతం పుచ్చుకుంటే ఆట మైలపడుతుందన్నది యూనియన్ పెద్దల మడి.

ఈ మడి ఎవరికి సాగింది? శనివారం సెలవు దొరికే డాక్టరుకీ, లాయరుకీ, భూములున్నవాడికీ సాగింది. ఉత్తర ఇంగ్లండ్‌లో బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసే కూలీలు కూడా ఇదే ఆట ఆడేవాళ్ళు. శనివారం మ్యాచ్‌కు వెళితే వాళ్ళకు ఆ పూట కూలి పోయేది. పెద్ద మొత్తం ఏమీ అడగలేదు, పోయిన కూలి ఇమ్మన్నారు. యూనియన్ ససేమిరా అంది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో కూర్చుని ఆ క్లబ్బులు తెగతెంపులు చేసుకున్నాయి. తర్వాత వాళ్ళు ఆడేది రగ్బీ లీగ్ అనే వేరే ఆటగా మారింది. అటు వెళ్ళి డబ్బు పుచ్చుకున్నవాడికి యూనియన్ గుమ్మం మూసుకుపోయేది.

నా దగ్గర మిగిలినవాళ్ళు శనివారం వీరులు, సోమవారం ఉద్యోగులు. మెడ పట్టేసిన రైతు దూడలకు మేత వేసేవాడు, కమిలిన కంటితో పోలీసు డ్యూటీకి వెళ్ళేవాడు. ముచ్చటగానే ఉండేది. కానీ స్టేడియం నిండేది, టికెట్లు అమ్ముడయ్యేవి, టీవీ వాళ్ళు డబ్బు కట్టేవారు. ఆటగాడికి మాత్రం దారి ఖర్చులు. 1988లో ఎడిన్‌బరోలో ఒక రాత్రి, మ్యాచ్ అయ్యాక, ఇద్దరు ఆటగాళ్ళు మత్తులో నన్నే బంతిని చేసి వీధిలో తన్నుకుంటూ పోయారు. సొట్టలు పడ్డాను. కంసాలి సుత్తి దెబ్బలు తిని మళ్ళీ మనిషి రూపు కాదుగానీ, కప్పు రూపు తెచ్చుకున్నాను.

1995 ఆగస్టులో, హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి నూరేళ్ళు నిండుతున్న వారంలోనే, అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆ మడి వదిలేసింది. రగ్బీ యూనియన్ ఆటగాడు ఇక బాహాటంగా జీతం తీసుకోవచ్చు. దాంతో ఆటగాళ్ళ ఒళ్ళే మారిపోయింది. పగలంతా బరువులు, కొలిచి పెట్టిన తిండి, ప్రతి పరుగునూ లెక్కగట్టే యంత్రాలు. కబడ్డీలో పట్టు పట్టినట్టే ఇక్కడా కూతగాడిలాంటి వాణ్ణి పడగొట్టాలి, కాకపోతే వచ్చేవాడు నూరు కిలోల మనిషి, ఆట ఎనభై నిమిషాలు. భుజాలు జారతాయి, మోకాళ్ళు అరుగుతాయి, తలకు తగిలిన దెబ్బలు ఏళ్ళ తర్వాత బయటపడతాయి. ముప్ఫై దాటి నాలుగైదేళ్ళు ఆడితే గొప్ప.

అయినా ఆ జీతం ఏం చేసిందో నేను కళ్ళారా చూశాను. స్కాట్లండ్ జట్టును నడిపిన ఫిన్ రసెల్ అంతకుముందు రాళ్ళు చెక్కే పనిలో ఉన్నవాడు. 2024 ఫిబ్రవరిలో మరేఫీల్డ్‌లో దక్షిణాఫ్రికాలో పుట్టిన డుహాన్ వాన్ డెర్ మెర్వ మూడు ట్రైలు (రగ్బీలో గోల్ లాంటివి) కొట్టాడు, స్కాట్లండ్ 30-21తో నన్ను గెలిచింది. సుత్తి పక్కన పెట్టి బంతి పట్టుకునే ధైర్యం రాళ్ళు చెక్కేవాడికి వచ్చిందంటే, ఆ ధైర్యం జీతం ఇచ్చిందే.

పుట్టింటి సంగతీ చెప్పాలి. కోల్‌కతాలో రగ్బీ చావలేదు. బాలీగంజ్‌లోని కలకత్తా క్రికెట్ అండ్ ఫుట్‌బాల్ క్లబ్బులో ఇప్పటికీ ఆడతారు. బ్రిటిష్ దౌత్య ఉద్యోగిగా వచ్చిన పాల్ వాల్ష్ 2004లో జంగిల్ క్రోస్ జట్టు పెట్టి, బస్తీ పిల్లల్ని మైదాన్‌కు తెచ్చాడు. అక్కడి నుంచి ఆట ఉత్తర బెంగాల్‌కు, జల్పాయిగురి జిల్లా సరస్వతీపూర్ తేయాకు తోటకు పాకింది. ఆకు కోసే ఇళ్ళ ఆడపిల్లలు బంతి అందుకున్నారు. కొందరు భారత జెర్సీ వేసుకున్నారు.

ఇప్పుడు మీ దేశంలోనూ జీతం మాట వినబడుతోంది. 2025 జూన్‌లో ముంబైలో జీఎంఆర్ వారి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. జట్టుకు ఏడుగురు ఆడే పొట్టి ఆట, ఆరు జట్లు. వాటిలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఆడినవాళ్ళంతా మగవాళ్ళే.

డబ్బు ఆటను చెడగొడుతుందని వాదించిన పెద్దలు నా చుట్టూ ఎందరో కూర్చుని వెళ్ళారు. వాళ్ళ మధ్య ఉన్న నేనేమో సభ్యులు తమ సంపాదనలోంచి కట్టిన చందాలతో పుట్టినదాన్ని. డబ్బు ఉన్నవాళ్ళు ఆడుకుని మిగిల్చింది నేను. లేనివాళ్ళు ఆడాలంటే ముందు ఎవరో పూచీ పడాలి. ఉత్తర ఇంగ్లండ్ గని కార్మికుడు ఒక పూట కూలి అడిగితే యూనియన్‌కు ఒప్పుకోవడానికి నూరేళ్ళు పట్టింది. సరస్వతీపూర్ అమ్మాయి అడగబోయేదీ అదే. ఈసారి అంత కాలం పట్టకూడదు.