నల్లబడిన నుదురు విన్నవించుకొనునది ఏమనగా

మహారాజశ్రీ తలరంగు పొట్లాల మీద అచ్చయ్యే అక్షరాలకు అజమాయిషీ వహించు అధికారి గారి దివ్యసముఖమునకు, గుంటూరు జిల్లా కొల్లిపర కాపురస్థుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, మీ నుదురూ క్షేమమని తలుస్తాను.

నా నుదురు క్షేమంగా లేదు. మా అమ్మాయిని చూసుకోవడానికి రేపు పొద్దున తెనాలి నుంచి పెళ్లివారు వస్తున్నారు. పిల్ల తండ్రి కాస్త నల్లగా కనపడితే బాగుంటుందని ఇంట్లోవాళ్లు పట్టుబట్టారు. కనపడుతున్నాను. జుట్టు, నుదురు, చెవి డొప్పలు, మెడ వెనక, అంతా ఒకటే నలుపు.

మా ఆవిడ నిమ్మచెక్క అంది. బావమరిది టూత్‌పేస్టు అన్నాడు. పక్కింటి పిన్నిగారు గిన్నెలు తోమే సబ్బు పీచుతో సహా పంపారు. ఇంట్లో కిరసనాయిలు లేకపోబట్టి బతికాను. నలుపు కదల్లేదు గానీ దాని చుట్టూ ఇప్పుడు ఎరుపు కూడా చేరింది.

పొట్లంలో ఉన్నది పారాఫినైలీన్‌డయమీన్‌ట. దానికి సొంతంగా రంగంటూ లేదు. ఆక్సిజన్ అందగానే ఆ చిన్న అణువులు జతకూడి, పెద్దవై, నల్లబడి, వెంట్రుకలోంచి బయటికి రాలేనంతగా ఇరుక్కుంటాయి. వెంట్రుక కెరటిన్. నుదుటి పైపొరా కెరటినే. రంగుకు ఆ తేడా తెలియదు, తెలిసిన మీరు చెప్పరు. ఆ పొర చచ్చిన కణాలతో పాటు రాలేదాకా మరక పూర్తిగా దిగదు, గోరింటాకు లాగే. ఆషాఢంలో ఆడపిల్లలకైతే ఎంత బాగా పండిందో అని చెయ్యి పట్టుకుని మరీ చూస్తారు. నా నుదురూ పండింది, రేపు వాళ్లొచ్చి చూస్తారు.

మా చుట్టుపక్కల పసుపు పండుతుంది. దుగ్గిరాల యార్డులో బస్తాలు మోసి చేతులు పచ్చబడినవాళ్లకు దిగుల్లేదు, పసుపుకు ఎండ పడదు, దానంతటదే వెలిసిపోతుంది. అరటి జిగురు చొక్కాకంటితే పోదని గెలలు కోసేవాళ్లకు తెలుసు, తోటలోకి పాత చొక్కానే తొడుక్కెళతారు. ఈ సంగతులు మాకు తాతలు చెప్పారు. తలరంగు సంగతి చెప్పడానికి ఏ తాతా లేడు. ఆ పని చెయ్యాల్సింది మీ పొట్లం.

పొట్లాల మీద ఏమీ రాయించలేదనను. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కింద నిబంధన ఉంది. లోపలి పొట్లం మీదా, పైపెట్టె మీదా, ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషల్లో హెచ్చరిక వెయ్యాలని. కనుబొమలకో కనురెప్పలకో పూస్తే చూపు పోవచ్చు. ముందుగా చెవి వెనకో ముంజేతి లోపలివైపో కాస్త పూసి 24 గంటలు ఆగి చూడాలి. ఇంత ముఖ్యమైన మాటలు చీమలు కూడా తలవంచి చదవాల్సినంత సైజులో! అయ్యా, తెల్లజుట్టూ చత్వారమూ ఒకే వయసులో వస్తాయని మీలో ఒక్కరికీ తట్టలేదా? భూతద్దం పెట్టి వెతికినా నేను కొన్న పొట్లం మీద నా స్థానిక భాష తేలలేదు. ధర మాత్రం గుమ్మంలోంచి కనపడుతోంది.

తెనాలి దగ్గర రావికంపాడులో పుట్టిన గుమ్మడి వెంకటేశ్వరరావు గారు 1955లో ‘అర్ధాంగి’ సినిమాలో తనకన్నా పెద్దవాడైన అక్కినేనికి తండ్రిగా వేశారు. ఆ ముసలితనం సాయంత్రం మొహం కడుక్కుంటే పోయి ఉంటుంది. వయసు పెంచే రంగు అంత సులువుగా దిగుతుంటే, తగ్గించే రంగుకు ఈ పట్టుదల ఏమిటండీ?

పొట్లంతో చేతి తొడుగులు ఇవ్వరు. ఇచ్చినా వేలు దూర్చగానే చిరుగుతాయి. ఒక పొట్లం తలకు చాలదు, రెండోది విప్పితే సగం మిగులుతుంది, కలిపినది రేపటికి పనికిరాదు.

నేనడిగేది మూడు లైన్లు. రంగు వేసుకునే ముందు నుదుటి అంచున, చెవుల మీద కొబ్బరినూనో వాజిలీనో పట్టించండి. చుక్క పడగానే తడిగుడ్డతో తుడిచెయ్యండి. ఆరిపోతే నూనె రాసి మెత్తగా తుడిచి, మిగిలినది నాలుగు రోజులకు వదిలెయ్యండి, తోలు లేచేలా రుద్దకండి. చోటు చాలకపోతే పెట్టె మీద నవ్వుతున్న ఆ కుర్రాణ్ణి కాస్త పక్కకు జరపండి. అతని నుదురు చూశారా, పాలరాయిలా ఉంది! ఎవరు తుడిచారండీ అతనికి? దేంతో తుడిచారు? కనీసం అదైనా చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

పెళ్లివారు పది గంటలకల్లా వచ్చేస్తారు. నుదుటి నిండా విభూతి పట్టించుకొమ్మంటోంది మా అమ్మ. మాది నామాలవారి ఇల్లు అయ్యా.