మోపిదేవిలో మరో యాగం

2018 ఆగస్టులో దివిసీమలో పాములు బరితెగించాయి. కలుగులు వదిలి చేలగట్లెక్కి, అవనిగడ్డ ఆసుపత్రికి వరసపెట్టి మనుషుల్ని పంపాయి. సర్కారు ఊరుకుంటుందా? ఆ నెల 29న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం చేయించింది. పాములు శాంతించాయో లేదో స్వామికే ఎరుక. యాగం మాత్రం శాస్త్రోక్తంగా జరిగింది.

అదే చేత్తో ఇంకొక్కటి చేయించమని దేవాదాయ శాఖకు నా మనవి. పేరు బంధుశాంతి యాగం. ఐసీయూ గుమ్మంలోనే హోమగుండం పెడితే శ్రేష్ఠం. బందరులో ఒకటి, గుడివాడలో ఒకటి, అవనిగడ్డలో ఒకటి. పాము మామూలుగా తొక్కితేనే కరుస్తుంది. ఐసీయూ బయట కాచుకున్న బంధుగణం సెలైన్ పెట్టినా కరుస్తుంది.

పాముతో మొదలెట్టాం గనక దాని తోక పట్టుకునే పోదాం. కట్లపాము అర్ధరాత్రి నేల మీద పడుకున్నవాణ్ని కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనపడదు. తెల్లారగట్ల కడుపునొప్పి అంటాడు. గ్యాస్ అని సోడా తాగిస్తారు. రెప్పలు వాలాక మంత్రగాడు. ఆయన చేతులెత్తేశాక ఊరి ఆర్‌ఎంపీ. ఆయనొక సెలైన్ ఎక్కించి ‘ఇక బందరు తీసుకుపోండి’ అన్నాక 108. ఇన్ని గుమ్మాలు తొక్కి పెద్దాసుపత్రికి చేరేసరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడుతుంటాయి.

కరిచిందేమిటో చూసినవాడు లేడు. నర్సు కాస్త రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో పోసి బల్ల మీద పెడుతుంది. 20 నిమిషాలు దాన్ని కదపకూడదు. గడ్డకట్టకపోతే రక్తపింజరి అని అనుమానించాలి. గడ్డకట్టి, రెప్పలు వాలుతుంటే కట్లపామో, నాగుపామో. పాముకాటు వైద్యంలో ఇంతకంటే చవకైన, పనికొచ్చే పరీక్ష మరొకటి లేదు. కానీ ఆ 20 నిమిషాలూ ఆ పిల్లకు గండమే. ‘మనిషి పోతుంటే సీసా పెట్టుకుని చూస్తా కూర్చున్నావేంటమ్మా!’ అని బాబాయి. ‘ఇంజెక్షన్ చెయ్యరేంటి?’ అని బావమరిది. చేస్తే, ‘అన్ని ఇంజెక్షన్లా!’ అని మేనమామ. గొంతులోకి గొట్టం దించి వెంటిలేటర్ పెడితే, ‘పైపులు పెట్టి డబ్బులు గుంజుతున్నారు’ అని, అప్పుడే బైకు దిగిన పెద్దమనిషి. సర్కారు ఆసుపత్రిలో ఎవరికి గుంజి పెట్టాలో ఆయనే చెప్పాలి.

మనిషి దక్కలేదనుకోండి. కుర్చీ ఎవరి మీదికి లేస్తుంది? మంత్రగాడి మీదికి లేవదు, శాపం పెడతాడు. ఆర్‌ఎంపీ మీదికి లేవదు, రేపు జ్వరమొస్తే ఆయనే దిక్కు. భర్తీ చేయని పోస్టును కొడదామంటే ఖాళీకి చెంప ఉండదు. వెంటిలేటర్ మీదున్న ప్రతి మనిషికీ ఒక నర్సు ఉండాలని నిబంధనల పుస్తకంలో ఉంది గానీ, పుస్తకం డ్యూటీకి రాదు. మిగిలింది నైట్ డ్యూటీ నర్సు. అత్త మీద కోపం దుత్త మీదే కదా!

కట్టుకథలు చెబుతున్నాననుకునేవాళ్లకు రెండు సంగతులు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం అంటువ్యాధుల చట్టానికి ఆర్డినెన్సుతో కోరలు పెట్టింది. వైద్య సిబ్బందిని తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు అంది. జూన్‌లో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఒక కోవిడ్ రోగి చనిపోయాడు. బంధువులు జూనియర్ డాక్టర్‌ను ప్లాస్టిక్ కుర్చీతో, ఇనుప స్టూలుతో కొట్టారు. 2024 ఆగస్టులో, కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో ట్రైనీ డాక్టర్‌పై జరిగిన దారుణం మీద దేశమంతా డాక్టర్లు రోడ్డెక్కిన రోజుల్లోనే, తిరుపతి స్విమ్స్‌లో ఒక రోగి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ జుట్టు పట్టుకుని తలను మంచం ఇనుప చట్రానికేసి కొట్టాడు. సీసీ కెమెరా చూసింది. చుట్టూ ఉన్నవాళ్లూ చూశారు.

ఇక పెద్దల సంగతి. 2024 సెప్టెంబరులో కాకినాడ రంగరాయ వైద్య కళాశాల మైదానంలో వాలీబాల్ ఆట గొడవ ముదిరి, కాకినాడ రూరల్ ఎమ్మెల్యే పంతం నానాజీ ఒక ప్రొఫెసర్‌ను తిట్టి, మీదికి వెళ్లారని రచ్చయింది. ఆయన క్షమాపణ చెప్పి, ప్రాయశ్చిత్త దీక్షకు కూర్చున్నారు. పాములకు యాగం, ఎమ్మెల్యేకు దీక్ష. మన పాలనలో భక్తికి కొరత లేదు. కొట్టించుకున్నవాళ్లకు ఏ వ్రతం చెప్పారో మాత్రం ఏ పురాణంలోనూ దొరకలేదు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2008 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం వైద్య సిబ్బందిపై దాడికి మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. బెయిలు తేలిగ్గా రాదు. పగలగొట్టిన పరికరానికి కొన్న ధరకు రెట్టింపు కట్టాలి. ఆర్జీ కర్ తర్వాత సుప్రీంకోర్టు వేసిన టాస్క్‌ఫోర్సు కూడా ప్రత్యేక కేంద్ర చట్టం అక్కర్లేదు, ఉన్నవి చాలు అంది. నిజమే, చాలు. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి ఒక్కటైనా చాలు.

ఎందుకంటే ఫిర్యాదు కన్నా ముందు ఫోన్ వస్తుంది. ‘మనవాళ్లేనండీ, దుఃఖంలో ఉన్నారు, చూసుకోండి.’ ఆ వెనకే ఆసుపత్రి పెద్దాయన గదిలో టీలు. కొట్టినవాడికి కుర్చీ, దెబ్బతిన్న పిల్లకు గోడ. ‘నువ్వే సర్దుకోమ్మా, ఉద్యోగమన్నాక...’ బందరులో 2023లో 150 సీట్లతో మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి పిల్లలకు అనాటమీ పుస్తకంలో ఉంటుంది. రాజీ ఎలా పడాలో వార్డులోనే నేర్చుకోవాలి.

బంధువుల కోపానికి కారణమే లేదని నేననను. లోపల ఏం జరుగుతోందో గంటకోసారి బయటికొచ్చి రెండు ముక్కలు చెప్పే మనిషిని పెట్టని ఆసుపత్రులున్నాయి. ప్రైవేటులోనైతే బిల్లు ముందొచ్చి, కబురు వెనకొస్తుంది. ఆ కోపాన్ని కలెక్టరాఫీసుకు తీసుకెళ్లండి, కోర్టుకెక్కండి, రోడ్డు మీద కూర్చోండి. చేతులు మాత్రం ఊపిరందించే అంబూ బ్యాగ్ నొక్కుతున్న పిల్ల మీదికి పోనివ్వకండి. పక్క మంచంలో ఇంకెవరి బిడ్డో ఆ పిల్ల చేతుల మీదే బతుకుతుంటాడు.

సూపరింటెండెంటు గారూ, ఆఖరి మాట మీకే. దాడి జరిగిన ఆరు గంటల్లోగా సంస్థ తరఫున ఎఫ్‌ఐఆర్ పెట్టించే బాధ్యత ఆసుపత్రి అధిపతిదేనని 2024 ఆగస్టు 16న కేంద్ర ఆరోగ్యశాఖ ఉత్తర్వు ఇచ్చింది. అది కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల కోసమని తప్పుకోకండి, బందరు గడియారంలోనూ ఆరు గంటలంటే ఆరు గంటలే. ఫోన్ మోగితే మోగనివ్వండి. టీ చెప్పకండి. కాగితం తీసి ఫిర్యాదు రాయండి.