పచ్చబొట్టు గల ఉద్యోగార్థి పాటించవలసిన విధులు

పచ్చబొట్టు అనగా సూదితో చర్మపు పైపొరను దాటించి, కింది పొరలో రంగును శాశ్వతంగా నిలిపే పని. పూర్వం ఎరుకల స్త్రీలు ఊరూరా తిరుగుతూ మసిని ఆకు పసరుతో కలిపి పొడిచేవారు, ఆ నల్లని మసే చర్మం గుండా చూసినప్పుడు నీలిపచ్చగా కనిపిస్తుంది. ముంజేతి మీద తేలు బొమ్మతో జీవితమంతా గడిపిన అవ్వను దాని గురించి ఏ యజమానీ నిలదీయలేదు (ఆమె చేసిన చాకిరీకి జీతమనేదే లేకపోవడం ఇందుకు కారణం కావచ్చు). ఆమె మనుమడు అదే చోట డ్రాగన్‌ను వేయించుకుని, దానిని టాటూ అని పిలుచుకుంటూ, బాలానగర్ నుంచి హైటెక్ సిటీకి ఇంటర్వ్యూకు బయలుదేరినప్పుడే ఈ విధుల అవసరం ఏర్పడుతుంది.

అట్టి అభ్యర్థి ఎండలు ఎంత మండుతున్నా పొడుగు చేతుల చొక్కానే తొడుక్కోవాలి. అంబేడ్కర్ బాలానగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారేవరకు చేతులు పైకి మడిచి ఉంచుకోవడం దోషం కాదు గాని, పెద్దమ్మ గుడి స్టేషన్ దాటేలోగా వాటిని మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకోవాలి. మాదాపూర్ మొదలుకొని మెడలో ఐడీ కార్డు వేలాడే ప్రతి మనిషీ ఇంటర్వ్యూ చేసేవాడే కావచ్చు. ఇంత జాగ్రత్త ఎవరి కోసమని అడిగితే 'క్లయింటు' కోసమనే జవాబు వస్తుంది. క్లయింటు అనగా ఎక్కువగా సముద్రాల ఆవల ఉండి బిల్లు చెల్లించే సంస్థ. 2023లో ప్యూ రీసెర్చ్ సెంటర్ ప్రకటించిన సర్వే ప్రకారం అమెరికాలో వయోజనుల్లో 32 శాతం మందికి కనీసం ఒక టాటూ ఉంది. కనుక చేతి మీద డ్రాగన్ ఉన్న క్లయింటు నొచ్చుకుంటాడేమోనన్న భయంతో, చేతి మీద డ్రాగన్ ఉన్న ఉద్యోగిని కెమెరాకు పక్కగా కూర్చోబెట్టడం కూడా సంభవమే. ఈ వింతను ఉద్యోగి ఎత్తి చూపరాదు. అప్రైజల్, అనగా ఏటా జీతం పెంపును తేల్చే సమీక్ష, ముగిసేదాకా అసలే ఎత్తి చూపరాదు.

ఈ బాధ పడలేనివారు కేంద్ర సాయుధ పోలీసు బలగాలను ఆశ్రయించవచ్చు. అక్కడి నియామక నిబంధనల ప్రకారం ముంజేతి లోపలి వైపు టాటూ ఉండవచ్చు, అయితే అది సెల్యూట్ చేయని ఎడమ చేతిదై ఉండాలి, ఆ అవయవంలో నాలుగో వంతు కంటే చిన్నదిగా ఉండాలి. సూది దగ్గరికి వెళ్లే ముందు దర్జీ దగ్గర టేపు అడిగి తీసుకెళ్లడం ఉత్తమం. నవ్వు వచ్చినా, కొలతతో తేలే నియమం మేనేజరు ముఖం చిట్లింపుతో తేలే నియమం కంటే న్యాయమైనదే.

కుట్టించుకునే నగల సంగతి ఇంకా సున్నితమైనది. చెవులు కుట్టడం కర్ణవేధ అనే పేరుతో షోడశ సంస్కారాల్లో చేరినది, అది మగపిల్లలకూ జరిగేది. అయినా తాత చెవి పోగు సంప్రదాయమనీ, మనుమడి చెవి పోగు పొగరనీ, ముక్కుపుడక లక్షణమనీ, కనుబొమ్మకు పెట్టిన రింగు అవలక్షణమనీ ఆఫీసు శాస్త్రం. బాలానగర్ వర్క్‌షాపుల్లో లేత్ ముందు నిలబడేవాడు ఉంగరమూ కడియమూ తీసి పక్కన పెడతాడు, ఎందుకంటే తిరిగే యంత్రం వాటితోపాటు వేలినీ లాక్కుపోతుంది. కీబోర్డు చెవి పోగును లాక్కుపోయిన దాఖలా మాత్రం ఏ శాస్త్రంలోనూ కనిపించదు.

చివరిదైన విధి వేళాకోళానికి చెప్పినది కాదు. కొత్తగా టాటూ వేయించుకున్న లేదా చెవో ముక్కో కుట్టించుకున్న ఉద్యోగి, ఆఫీసులో జరిగే రక్తదాన శిబిరంలో చొక్కా చేయి మడవవలసి వచ్చినప్పుడు, సిగ్గుపడకుండా ఆ విషయం డాక్టరుకు చెప్పాలి. అలా చేయించుకున్న నాటి నుంచి 12 నెలల వరకు రక్తం ఇవ్వకూడదు.