ఒక ఆటోక్లేవ్ ఆత్మకథ

నేను ఆటోక్లేవ్‌ని. హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో, ఆహార సూక్ష్మజీవశాస్త్ర ప్రయోగశాల మూలగది నా చోటు. వంటింటి ప్రెషర్ కుక్కర్ నాకు చెల్లెలి వరస. 1879లో పాశ్చర్ సహచరుడు చార్లెస్ ఛాంబర్లాండ్ మా మొదటితరాన్ని తయారుచేశాడు. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి, 121 డిగ్రీల ఆవిరి, 15 నిమిషాలు. మరుగుతున్న నీళ్లలోనూ బతికే బాసిల్లస్ స్పోర్లు కూడా నా దగ్గర చస్తాయి.

నా బతుకులో ఎక్కువ భాగం మా మేడమ్ చదువుతో, ఉద్యోగంతో ముడిపడింది. పీహెచ్‌డీ విద్యార్థినిగా వచ్చినప్పుడు ఆవిడ అంశం ఇడ్లీ పిండి. పిండిని పొంగించడంలో ముఖ్యపాత్ర ల్యూకోనాస్టాక్ మెసెంటిరాయిడిస్ అనే బాక్టీరియాదని అమెరికాలోని కార్నెల్ శాస్త్రవేత్తలు 1965లోనే ప్రచురించారు. మన ఇళ్లలో, మన చలికీ ఎండకీ ఆ బాక్టీరియా ఎలా మారుతుందో చూడాలని ఆవిడ పట్టుదల. రుబ్బిన పిండిని ఇళ్లిళ్లూ తిరిగి డబ్బాల్లో తెచ్చేవారు.

ఆ రోజుల్లో నాకు బాగా ఇష్టమైన పని డర్హమ్ గొట్టాలది. పరీక్షనాళికలో గ్లూకోజ్ ద్రవం పోసి, అందులో చిటికెనవేలికన్నా చిన్న గాజుగొట్టాన్ని బోర్లించి నాలో పెడతారు. అప్పటికి ఆ చిన్న గొట్టం నిండా గాలే. నా వేడికి ఆ గాలి బయటికి పోతుంది, చల్లారేటప్పుడు దాని చోట్లోకి ద్రవం ఎక్కుతుంది. ఒక్క బుడగ కూడా మిగలదు. తర్వాత అందులో బాక్టీరియా వేసి ఇంక్యుబేటర్‌లో ఉంచితే, మర్నాడు గొట్టం కొసన బుడగ కనబడుతుంది. అది ఆ బాక్టీరియా వదిలిన కార్బన్ డయాక్సైడ్. ఇడ్లీని మెత్తగా పొంగించే వాయువూ అదే. లోపల మరే ప్రాణీ లేకుండా నేను ముందే ఊడ్చిపెట్టకపోతే, ఆ బుడగ ఎవరి పనో ఎవరూ చెప్పలేరు.

డిగ్రీ వచ్చాక చాలాకాలం తాత్కాలిక కొలువులే. ఇంటర్వ్యూలు, వాయిదాలు, మళ్లీ ఇంటర్వ్యూలు. ఆ సంగతి ఇంతకుమించి చెప్పబుద్ధి కాదు.

అధ్యాపకురాలయ్యాక కొత్త పిల్లలను ముందు నా దగ్గరికే తీసుకొచ్చేవారు. “ముల్లు 15 చూపిస్తోందని మోసపోకండమ్మా, లోపలి గాలి పూర్తిగా పోయిందా లేదా చూసుకోండి” అనేవారు. నిజమే. గాలి చిక్కుకుపోతే ఒత్తిడి సరిగ్గానే కనిపిస్తుంది, వేడి మాత్రం 121కి చేరదు. అప్పుడు పోసిన ప్లేట్లలో కంటామినేషన్ వస్తుంది, వారం పని నేలపాలవుతుంది. బయోటెక్నాలజీ వచ్చి, బాక్టీరియాను డీఎన్ఏతో గుర్తుపట్టే రోజులొచ్చినా ఆ పనికి వాడే టిప్పులూ ట్యూబులూ నాలోంచే వెళ్లాయి.

తర్వాత ఆవిడ మనసంతా వేరుశనగ మీదికి మళ్లింది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వేరుశనగ పిండిలోని బూజు విషమని తేలింది. అదే అఫ్లాటాక్సిన్. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందకు పైగా జనం చనిపోయారు. దాన్ని పరిశోధించినది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. గింజ కట్టే వేళ వాన మొహం చాటేస్తే వేరుశనగ కాయలోకి ఆస్పర్జిల్లస్ బూజు సులువుగా చేరుతుంది. మెట్టసేద్యపు అనంతపురం రైతుకు ఆ కరువు కొత్తకాదు. మేడమ్ ఆ కాయల సారాన్ని పలకమీద పాకించి అతినీలలోహిత దీపం కింద పెడితే విషం నీలంగా, ఆకుపచ్చగా మెరిసేది.

ఇక్కడ నా శక్తికి హద్దు తెలిసింది. బూజును నేను చంపగలను. అది వదిలిపోయిన విషాన్ని మాత్రం నా 15 నిమిషాల ఆవిరి పూర్తిగా పోగొట్టలేదు. సూక్ష్మజీవి చచ్చినంతమాత్రాన తిండి మంచిదైపోదని ఆవిడ ప్రతి బ్యాచ్‌కీ చెప్పిన పాఠం ఇదే. నా ఎదురుగా చెప్పిన పాఠాల్లో ఇంతకన్నా అవసరమైనది లేదు.

మేడమ్ పదవీ విరమణ చేశారు. ఆవిడ శిష్యులిప్పుడు నా మూత బిగిస్తున్నారు. మీకు నాదొక్కటే మనవి. బూజుపట్టిన, ముడుచుకుపోయిన, రంగు మారిన పల్లీలు కనబడితే ఏరి పారేయండి. వేయించినా, ఉడకబెట్టినా విషం పూర్తిగా పోదు. చట్నీలో వేయకండి, పశువులకూ పెట్టకండి.