మిక్సీ రిపేరు పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక: గుంటూరు బ్రాడీపేటలో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే ఒకానొక యజమాని, పేటంతా ఎరిగిన తన కొట్టు ఫోనులోని పటంలో కనబడకపోవడమూ, మొన్న మొన్న పక్క లైనులో షట్టరెత్తినవాడు అందులో వెలిగిపోవడమూ చూసి అన్నం మానేయగా, అతనికి హితంగా ఎవరో చెప్పిన ఆటవెలది ఇది. కర్త పేరు ప్రతుల్లో లేదు. 2014లో గూగుల్ మై బిజినెస్‌గా అవతరించి, 2021 నవంబరులో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా నామాంతరం పొందిన, కొట్లను పటానికెక్కించే శాస్త్రాన్ని మాత్రం బాగా చదివినవాడే.

మూలం:

పేరు నిజముగాను పిన్ను గుమ్మముమీద
వేళ సరిగనుండ వీధిలోన
బదులుచెప్పువాఁడు పటమెక్కు ముందుగా
దూరమున్నవాఁడు దుఃఖపడును

ప్రతిపదార్థం: పేరు = కొట్టు పేరు; నిజముగాను = బోర్డు మీద రాసి ఉన్నట్టే ఉండి; పిన్ను = పటంలో దిగే ఎర్ర గుర్తు; గుమ్మముమీద = సరిగ్గా షట్టరు ముందర (వెనక సందులో కాదని భావం); వేళ = తెరిచే, మూసే సమయం; సరిగనుండ = పండగలతో సహా ఉన్నదున్నట్టు ఉండగా; వీధిలోన = ఆ చుట్టుపక్కల; బదులుచెప్పువాఁడు = రివ్యూలకు జవాబిచ్చే యజమాని; ముందుగా = మొదటి మూడింటిలో; పటమెక్కు = మ్యాపుకెక్కును; దూరమున్నవాఁడు = వెతికేవాడికి దూరంగా కొట్టున్నవాడు; దుఃఖపడును = స్పష్టం.

తాత్పర్యం: ఉన్న పేరు, ఉన్న చోటు, ఉన్న వేళలు చెప్పి, అడిగినవాడికి బదులు పలికే వ్యాపారి పటంలో పైకొస్తాడు. దూరానికి మందు లేదు.

విశేషాలు: "పిన్ను" అన్యదేశ్యం గనుక పద్యంలో దుష్టమని ఛాందసులు అంటారు. కొట్టువాడికి వేరే మాట లేదు గనుక సాధువే.

"పేరు నిజముగాను": పద్యం బరువంతా ఈ రెండు మాటల్లో ఉంది. బోర్డు మీద ఇంటి దేవుడి పేరు, దాని కింద "మిక్సీ వర్క్స్". పటంలో మాత్రం "బెస్ట్ మిక్సీ గ్రైండర్ రిపేర్ సర్వీస్ నియర్ మీ ఇన్ గుంటూరు". మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన మెదక్ సీమ వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి చూస్తే కలం కిందపెట్టేవాడు. గూగుల్ నియమమూ మల్లినాథుడి ప్రతిజ్ఞా ఇక్కడ ఒకటే: లోకంలో ఏ పేరుతో చెలామణీ అవుతున్నావో ఆ పేరే పెట్టాలి. అతి చేస్తే ప్రొఫైలును నిలిపేస్తారు.

ఇక్కడ శంక. న్యూయార్కు మన్‌హాటన్‌లో "థాయ్ ఫుడ్ నియర్ మీ" అనే హోటలు ఉంది కదా, దానికి లేని దోషం మాకెందుకు? సమాధానం: వాళ్లు గుమ్మం మీద బోర్డే అలా రాయించుకున్నారు. ఇంటి దేవుణ్ణి దించి "నియర్ మీ" అని పెయింటు వేయించే ధైర్యముంటే ఎవరూ కాదనరు. దానికంటే, చేసే పని చెప్పుకోవడానికి వేరే చోటుంది, దాన్ని వాడుకోవచ్చు. ప్రధాన వర్గం ఒకటి, దానికి తోడు తొమ్మిది వరకు ఉపవర్గాలు, వివరణకు 750 అక్షరాలు. (మా వ్యాఖ్యాతలకు అవి దండం పెట్టడానికే చాలవు.) రిపేరు కొట్టువాడు ప్రధాన వర్గంలో "ఎలక్ట్రానిక్స్ స్టోర్" అని పెట్టుకుంటే, టీవీ కొనేవాళ్లు ఫోన్లు చేస్తారు, జారు విరిగినావిడ చెయ్యదు.

"పిన్ను గుమ్మముమీద": బ్రాడీపేటలో చిరునామా భిన్నంలా రాస్తారు. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఊళ్లోవాడికి ఇది చాలు. పటానికి చాలదు. నమోదు చేసేటప్పుడు గుర్తును వేలితో పట్టి లాగి షట్టరు ముందు దించాలి. తరవాత సాక్ష్యం. పూర్వం పోస్టుకార్డు మీద అంకెలు వచ్చేవి, ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. వీధి చూపించు, బోర్డు చూపించు, తాళం తీసి షట్టరెత్తు. తాళంచెవి ఉన్నవాడే యజమాని అన్న ప్రమాణం న్యాయశాస్త్రానికీ నచ్చేదే.

పాఠాంతరాలు: ఒకే కొట్టుకు ఒక డైరెక్టరీలో పాత ల్యాండ్‌లైను, ఫేస్‌బుక్కులో బావమరిది సెల్లు, పటంలో ఇద్దరు మేనల్లుళ్లు విడివిడిగా పెట్టిన రెండు ప్రొఫైళ్లు కనిపిస్తాయి. పరిష్కర్త చేసే పనే ఇక్కడా: ప్రతులన్నీ పోల్చి ఒకటే పాఠం నిలపడం, జంటప్రతిని తీసేయడం.

ప్రక్షిప్తాలు: మార్పు సూచించే అధికారం పటంలో దారినపోయే దానయ్యకూ ఉంది. గిట్టనివాడు "శాశ్వతంగా మూసేశారు" అని సూచించవచ్చు, అది ఒక్కొక్కప్పుడు నిలిచిపోతుంది కూడా. అందుకని అప్పుడప్పుడు మూలం తెరిచి చూసుకోవాలి.

"వేళ సరిగనుండ": సంక్రాంతికి మూసి, పటంలో "తెరిచి ఉంది" అని ఉంచితే, గ్రైండరు ఆటోలో వేసుకుని వచ్చినవాడు గుమ్మం దగ్గరే ఒక నక్షత్రం వేసి పోతాడు. వివరణ అనవసరం.

"బదులుచెప్పువాఁడు": ఉదాహరణ. "జారు బుష్షు మార్చి డబ్బులు తీసుకున్నారు, మూడో రోజే కింద నీళ్లు. వేస్టు." ఒక నక్షత్రం. దీనికి అధమ పక్షం జవాబు: "మా నాన్నగారి కాలం నుంచి ఈ పని చేస్తున్నాం, మీరే సరిగా బిగించి ఉండరు." మధ్యమం: ఇంగ్లీషులో "డియర్ కస్టమర్". ఉత్తమం: "అమ్మా, ఆ జారు ఒకసారి పట్టుకురండి. బుష్షు మళ్లీ వేస్తాం, డబ్బులక్కర్లేదు." ఆవిడ వచ్చినా రాకపోయినా, రేపు కప్లరు అరిగినావిడ చదివేది ఆ మాటే. "ఐదు నక్షత్రాలిస్తే బ్లేడు ఉచితం" అని అట్టముక్క వేలాడదీయడం నిషిద్ధం. రివ్యూ అడగవచ్చు, కొనకూడదు.

"పటమెక్కు": శ్లేష. గోడ మీద దండతో కూడిన పటం ఇక్కడ వివక్షితం కాదు. "ముందుగా" అన్నది మాత్రం గమనించాలి. శోధనలో పటం కింద పూర్వం ఏడు కొట్లు కనబడేవి, 2015 ఆగస్టు నుంచి మూడే. పోటీ అంతా ఆ మూడింటి కోసమే.

"దూరమున్నవాఁడు": గూగుల్ తన సహాయ పుటల్లో మూడే కారణాలు చెబుతుంది: అడిగిన పనికి తగినతనం, దూరం, పేరుప్రతిష్ఠ. డబ్బిస్తే వరస మారదనీ అక్కడే రాసింది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, నెలలో ఫస్టుకు తెస్తాం" అని ఫోన్ చేసేవాళ్లు ఆ పుట చదివి ఉండరు. ప్రకటన కొనుక్కుంటే పైన వస్తుంది నిజమే, కానీ నెత్తిన "స్పాన్సర్డ్" అని రాసి ఉంటుంది. తన బల్ల దగ్గర కూర్చుని, తన ఫోనులో వెతుక్కుని, తానే మొదటివాడినని మురిసే యజమానికి ఈ పాదం అంకితం: అక్కడి నుంచి చూస్తే అతనే దగ్గర. కొత్తపేటలో దిగి వెతికితే తెలుస్తుంది.

అయితే కొత్తపేటలో ఓ బంధువు ఇంటి చిరునామా పెట్టేస్తే సరి అని కొందరి వ్యాఖ్య. అది అపార్థం. నిజంగా కొట్టు లేని చోటు చిరునామాగా చెల్లదు. కావాలంటే కొత్తపేటలో మడిగె అద్దెకు తీసుకుని, పని వచ్చిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి, బోర్డు రాయించి, తాళం తీసి షట్టరెత్తుతూ ఇంకో వీడియో తియ్యాలి.