స్పీకర్ ఫార్మాట్‌లో లేని రాజీనామా

రాజీనామాల మీద ఏ విశ్వవిద్యాలయమైనా కోర్సు పెడితే పాఠం చెప్పేవాళ్ళను సిద్దిపేట నుంచే తెచ్చుకోవాలి. 2001, 2004, 2008, 2010: పదేళ్ళలో నాలుగు ఉప ఎన్నికలు చూసిన నియోజకవర్గం అది. (2004లో మాత్రం రెండు సీట్లు గెలిచి ఒకటి వదిలేసిన లెక్క, దాన్ని త్యాగాల ఖాతాలో వేయకండి.) ప్రతిసారీ గులాబీ జెండానే గెలిచింది. రాజీవ్ రహదారి మీద సిద్దిపేటకు ఇవతలున్న కుకునూరుపల్లిలో ఏ పిల్లగాడిని అడిగినా చెబుతాడు, రాజీనామా విత్తనమైతే మెజారిటీ దిగుబడి అని.

ఈ శాస్త్రంలో అసలైన అధ్యాయం ‘స్పీకర్ ఫార్మాట్’. కారణాలు, ఆవేదనలు, అమరుల ప్రస్తావనలు లేకుండా ఒక్క ముక్కలో రాసి ఇవ్వాలి. 2011 జులైలో తెలంగాణ ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామాలు ఇస్తే, భావోద్వేగంతో చేశారంటూ స్పీకర్ నాదెండ్ల మనోహర్ అదే నెలలో తిరస్కరించారు. భావోద్వేగం లేకుండా రాజీనామా చేయడం ఎలాగో అర్థంకాక చాలామంది ఎమ్మెల్యేలు సభ్యులుగానే మిగిలిపోయారు.

ఈ ఫార్మాట్ తెలియని మనిషి ఒకరున్నారు. డీఎస్పీ నళిని. 2009 డిసెంబరులో మెదక్ జిల్లాలో పనిచేస్తూ, ప్రత్యేక రాష్ట్రం అడుగుతున్నవాళ్ళ మీద లాఠీ ఎత్తలేనని రాజీనామా చేశారు. కుకునూరుపల్లి అప్పటికి ఆ జిల్లాలోదే. ప్రభుత్వం నచ్చజెప్పి తిరిగి డ్యూటీలోకి రప్పించింది. 2011 నవంబరులో ఆమె మళ్ళీ రాజీనామా చేశారు. ఈసారి ఉద్యోగం నిజంగానే పోయింది. ఆమె తప్పులు రెండు. ఒకటి, కారణం చెప్పడం. రెండు, రాజీనామా చేస్తే ఉప ఎన్నిక రాని ఉద్యోగంలో ఉండడం.

2014లో రాష్ట్రం వచ్చింది. ఉద్యమకారుల మీది కేసులు ఎత్తేస్తామన్నారు, జీవోలు ఇచ్చారు. కేసు ఎత్తేయడంలో ఓ గమ్మత్తుంది. పాత నేర శిక్షాస్మృతిలో 321, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 360 సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతితో కేసు ఉపసంహరించుకునేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఆయన సొంత బుద్ధితో ఆలోచించి ఆ నిర్ణయం తీసుకోవాలని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. ఏ రాష్ట్రంలోనైనా చూడండి, జీవో వెలువడ్డ మర్నాడే పీపీలందరికీ ఒకే రకం సొంత బుద్ధి పుడుతుంది. ప్రభుత్వం మారితే ఆ బుద్ధీ మారుతుంది. ఇంత క్రమశిక్షణ గల అంతరాత్మలు మరే శాఖలోనూ లేవు.

కేసులు ఎత్తేసిన చేతులు ఖాళీగా ఉండవు కదా. 2016 జులై 24న, 50 టీఎంసీల మల్లన్నసాగర్ కింద మునగబోయే ఎర్రవల్లి, సింగారం జనం రాజీవ్ రహదారి మీదికి బయల్దేరారు. రాస్తారోకో ఉద్యమం నేర్పిన విద్యే. లాఠీలు లేచాయి. ఆడవాళ్ళకూ దెబ్బలు తగిలాయి. ఆ ఊళ్ళది కుకునూరుపల్లి అప్పుడున్న కొండపాక మండలమే, స్వయానా అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ గజ్వేల్ నియోజకవర్గం. లాఠీ ఎత్తలేనని చెప్పినావిడను వేదికల మీద పొగిడిన ఉద్యమమే అప్పటికి ప్రభుత్వం. ఆ రోజు ఎత్తలేనన్న అధికారి పేరు మాత్రం ఏ పేపర్లోనూ చదవలేదు.

ఇక్కడొక మాట నవ్వుతూ రాయలేను. ఆ మరుసటి నెలలోనే కుకునూరుపల్లి ఎస్సై ప్రాణం తీసుకున్నారు, పై అధికారులు వేధించారని ఉత్తరం రాసిపెట్టి. 2017 జూన్‌లో అదే స్టేషన్ ఎస్సై మరొకరు. ఆ చావులకూ మల్లన్నసాగర్‌కూ ముడిపెట్టడం లేదు. పైనుంచి వచ్చిన మాట మింగుడుపడకపోతే ‘నావల్ల కాదు’ అని ఏ కాగితం మీద రాయాలో, రాశాక ఎలా బతకాలో ఆ స్థాయి ఉద్యోగికి ఎవరూ చెప్పలేదని మాత్రం అంటున్నాను.

అమెరికాలో కొందరు ఆ కాగితం రాశారు. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మేయర్ ఎరిక్ ఆడమ్స్ మీది కేసు వదిలేయమని వాషింగ్టన్ ఆదేశిస్తే, డానియెల్ సాసూన్ అనే ప్రాసిక్యూటర్ రాజీనామా చేశారు. ఆమె వెంట మరికొందరు. సెప్టెంబరులో వర్జీనియా ప్రాసిక్యూటర్ ఎరిక్ సీబర్ట్ వంతు వచ్చింది. ట్రంప్‌కు గిట్టని న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ మీద కేసుకు ఆధారాలు చాలవన్నందుకు ఒత్తిడి పెరిగి తప్పుకున్నారు. తప్పుకోవడమేమిటి, నేనే పీకేశానన్నాడు ట్రంప్. రాజీనామా చేశానని చెప్పుకునే సుఖం కూడా దక్కనివ్వలేదు. మన స్పీకర్లు ఎంతో నయం.

ఇక మన దగ్గరికొస్తే, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. నళినికి ఉద్యోగం తిరిగివ్వడానికి అభ్యంతరమేమిటని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అధికారులను అడిగారు. ఆమె వచ్చి కలిసి, ఆధ్యాత్మిక మార్గంలో ఉన్నాను, ఉద్యోగం వద్దని చెప్పి వెళ్ళారు. ఎప్పటిదో ఒక పాత ప్రభుత్వం మీద అలిగి పోయినవాళ్ళంటే కొత్త ప్రభుత్వానికి ఎప్పుడూ గౌరవమే. తన మీద అలిగేవాళ్ళు ఇంకా పుట్టి ఉండరు కాబట్టి ఖర్చు లేని గౌరవం.

ఏడాది తిరక్కుండానే, 2024 నవంబరులో, అదే ముఖ్యమంత్రి సొంత కొడంగల్ నియోజకవర్గంలో లగచర్ల వచ్చింది. భూసేకరణకు వెళ్ళిన కలెక్టర్ మీద దాడి, రాత్రికి రాత్రి అరెస్టులు, జైల్లో జబ్బుపడ్డ రైతును బేడీలతో ఆసుపత్రికి తీసుకుపోవడం. రాజకీయ కక్షతో పెట్టిన కేసులన్నది అదే గులాబీ జెండా బీఆర్ఎస్. డిసెంబరులో ఆ పార్టీ ఎమ్మెల్యేలు నల్లచొక్కాలు తొడుక్కుని, చేతులకు బేడీలు వేసుకుని అసెంబ్లీకి వచ్చారు. ఫొటోలు బాగా వచ్చాయి. రాజీనామాలు మాత్రం ఏ వైపు నుంచీ రాలేదు. నల్లచొక్కాలూ ఇవ్వలేదు, ఖాకీచొక్కాలూ ఇవ్వలేదు.

ఎర్రవల్లి మునిగాక గజ్వేల్ పక్కన పునరావాస కాలనీకి చేరిన ముసలామె ఎవరైనా ఆ బేడీలు టీవీలో చూసి, “గవి మా మీద లాఠీలు లేసిన్నాడు ఏడ దాసివెట్టిండ్రు బిడ్డా?” అని అడిగితే, నల్లచొక్కాల్లో ఎవరు జవాబు చెబుతారో తెలుసుకోవాలనుంది. అదీ స్పీకర్ ఫార్మాట్‌లోనే చెబుతామంటే అభ్యంతరం లేదు.