గౌను వాళ్లకి, బెంగ మనకి

పిల్లల గ్రాడ్యుయేషన్‌కి తల్లిదండ్రులు ఏం కట్టుకెళ్లాలన్నది కూడా ఒక సమస్యేనా అని ఎవరైనా నవ్వితే, వాళ్ల పిల్లలింకా ఇంటర్ దాటలేదని అర్థం. పెళ్లికైతే బాధ లేదు. పెళ్లికూతురుంటుంది, పెళ్లికొడుకుంటాడు, వచ్చినవాళ్ల కళ్లన్నీ వాళ్లమీదే ఉంటాయి. మనం ఓ మాదిరిగా ఉన్నా గడిచిపోతుంది. ఇక్కడ అలా కాదు. ఎవరి కోసం ఇంత హంగామా జరుగుతోందో ఆ మనిషికే యూనివర్సిటీవాళ్లు మెడ నుంచి మడమ దాకా నల్లగౌను తొడిగేస్తారు. లోపల పట్టు కట్టిందో, పైజమా వేసిందో పక్క కుర్చీలో ఉన్న స్నేహితురాలికి కూడా తెలీదు. మరి ఇంటి పరువూ, హోదా, అభిరుచీ ఎవరు మొయ్యాలి? గౌను లేనివాళ్లు మొయ్యాలి. అంటే మనం.

మా అమ్మాయి టెక్సస్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేసింది. మే నెలలో గ్రాడ్యుయేషన్ అని సంక్రాంతికే చెప్పేసింది. వీసా, టిక్కెట్లు, ఇన్సూరెన్సు నా శాఖ. చీర మా ఆవిడ శాఖ. కాన్సులేట్‌వాళ్లు మా ఇద్దరి పుట్టుపూర్వోత్తరాలూ తేల్చుకుని వీసా స్టాంపు కొట్టేశాక కూడా చీర ఫైలు పెండింగులోనే ఉంది.

కాకినాడ వాళ్లం గనక ఉప్పాడ చీర మాకు పెరటిచెట్టు. ఉప్పాడ జాందానీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతా ఎగబడి కొంటోంది. అయినా పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా. తేలిగ్గా ఉంటుంది, పెట్టెలో చోటు తినదు, ఎండాకాలం హాయి అని నేను జాందానీ తరఫున వాదించాను. "తేలిగ్గా ఉంటుందని కట్టుకుంటే ఇంట్లో నైటీ ఉందిగా" అంది మా ఆవిడ. రాజమండ్రి నుంచి మా వదిన ఫోనులోనే తీర్పు చెప్పింది. "పిల్ల అంత చదువు చదివితే కనీసం కంచి లేకుండా ఎలాగే?" దాంతో కంచిపట్టు ఖాయమైంది. విమానంవాళ్లు ఇచ్చిన 23 కిలోల లెక్కలోంచి ఒక ఆవకాయ సీసా దిగింది, కంచిపట్టు ఎక్కింది. మా ఇంట్లో కొత్తావకాయని ఓడించిన వస్తువు నాకు తెలిసి అదొక్కటే.

అసలు చిక్కంతా మా అమ్మాయి వీడియో కాల్‌లో వాడిన ఒక్క మాటతో వచ్చింది. "అమ్మా, అంత హడావిడి వద్దు. క్యాజువల్‌గా రండి."

"సరేనే. క్యాజువల్ అంటే ఏ పట్టు?" అని అడిగింది వాళ్లమ్మ.

నా వంతు వచ్చేసరికి అమ్మాయి కాస్త జాగ్రత్తగా మాట్లాడింది. రిటైరయ్యేదాకా ఆఫీసు ఫంక్షన్లన్నిటికీ కాపలా కాసిన సఫారీ సూటు నాకొకటుంది. దాని సంగతెత్తబోయేలోపే "నాన్నా, సఫారీ మాత్రం వద్దు" అంది. పెళ్లి రిసెప్షన్ నాటి సూటుంది గానీ, దాని బొత్తాములు పెట్టాలంటే నేను ఉగాది నుంచీ ఉపవాసం ఉండాలి. "పోనీ, పంచె కట్టనా? కండువా వేసుకుంటే నిండుగా ఉంటుంది" అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు. నెట్టు పోయిందేమో అనుకున్నాను. "ఇక్కడ గాలెక్కువ నాన్నా" అంది చివరికి. కన్నతండ్రిని కాదనడానికి వాతావరణ శాఖని వాడుకోవడం ఆ దేశంలో నేర్చుకుందో, మా ఇంట్లోనే నేర్చుకుందో తెలీదు.

ఆ రాత్రి నిద్రపట్టక ఈ గౌను కథేమిటో చదివాను. మధ్యయుగాల్లో యూరప్ విశ్వవిద్యాలయాలు రాతిభవనాల్లో, చలిలో నడిచేవి. చదువు చెప్పేవాళ్లలో, చదివేవాళ్లలో చాలామంది చర్చి మనుషులు. వాళ్లు పొడుగాటి అంగీలు వేసుకునేవారు, వెచ్చగా ఉండేది. అంతవరకూ న్యాయమే. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పెట్టినప్పుడు దొరలు చదువుతోపాటు ఆ చలికోటుని కూడా దించారు. మద్రాసులో చలికోటు! అమెరికావాళ్లు 1895లో కూర్చుని దీనికొక నియమావళే రాసుకున్నారు. ఏ డిగ్రీకి చేతులెలా ఉండాలి, వీపున వేలాడే హుడ్ ఎంత పొడుగుండాలి, ఏ చదువుకి దాని అంచు ఏ రంగుండాలి అంతా లెక్కే. ఇంజనీరింగ్‌కి నారింజ, వైద్యానికి ఆకుపచ్చ, న్యాయశాస్త్రానికి ఊదా. బోర్డరు చూసి చదువు చెప్పెయ్యొచ్చన్నమాట. ఈ ముక్క చెబితే మా ఆవిడకి ఆ దేశం మీద మొదటిసారి గౌరవం కలిగింది.

మనవాళ్లూ ఈ గౌనుని వదిలించుకోవాలని చూస్తూనే ఉన్నారు. 2010లో భోపాల్‌లోని అటవీ నిర్వహణ సంస్థ స్నాతకోత్సవంలో, అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభలో ఉన్న కేంద్రమంత్రి జైరాం రమేశ్ వేదిక మీదే గౌను విప్పేశారు. ఇది వలసపాలన వదిలిపోయిన అనాగరికపు ఆనవాలన్నారు. 2019లో యూజీసీ వాళ్లు స్నాతకోత్సవాలకి చేనేత బట్టలు వాడమని యూనివర్సిటీలకి రాశారు. 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ ఎయిమ్స్ లాంటి సంస్థల్ని ఆ నల్లగౌను మానేసి, ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు సంప్రదాయాన్ని బట్టి దుస్తులు రూపొందించుకోమంది. అన్నీ మంచివే. కానీ నేను చదివినంతలో తల్లిదండ్రులు ఏం కట్టుకోవాలో ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. పైగా పిల్లలంతా జరీ అంచు కండువాలతో, తెల్లచీరలతో మెరిసిపోతే మనం ఇంకెంత తూగాలి? గౌనే నయం.

మేనల్లుడి స్నాతకోత్సవం ఇక్కడే, మన దేశంలోనే చూశాను. కుటుంబానికి రెండే పాసులు. మా చెల్లెలూ బావగారూ లోపల, మిగతా బంధువర్గమంతా షామియానాలో ఎల్‌ఈడీ తెర ముందు. తెరలో ముఖ్య అతిథి ప్రసంగం తప్ప మావాడు కనపడలేదు. అక్కడ ఎవరు ఏం కట్టుకున్నా ఒకటే. ఫ్యాను కింద చోటు దొరికినవాడే మంచి బట్టలేసుకున్నట్టు.

టెక్సస్‌లో దిగాక మొదట మా పాదాలు అమెరికావయ్యాయి. "నడక ఎక్కువుంటుంది" అని అమ్మాయి మా ఇద్దరికీ తెల్లటి స్పోర్ట్స్ షూ కొనిపెట్టింది. ఇలా వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. పైన నాలుగు వేళ్ల జరీ అంచు, కింద పరుగుపందెం. డాలసులో, న్యూజెర్సీలో, ఫ్రీమాంటులో ఏ గుడికెళ్లినా ఇదే మన యూనిఫాం. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వివ్వకుండానే ఇంతమంది ఒకేలా తయారవడం నేనింకెక్కడా చూడలేదు. నా విషయంలో కూడా రాజీ కుదిరింది. తెల్లచొక్కా, నల్లప్యాంటు, అదే షూ. పెద్ద హోటళ్లలో మంచినీళ్లిచ్చేవాళ్లు ఇలాగే ఉంటారన్న అనుమానం నాకు కలిగింది గానీ పైకి అనలేదు.

గ్రాడ్యుయేషన్ జరిగే అరీనా గుమ్మం దగ్గర ఇంకో సంగతి తెలిసింది. లోపలికి తీసుకెళ్లే బ్యాగు లోపలిదంతా బయటికి కనపడేలా ఉండాలట. పన్నెండు అంగుళాల పొడుగూ ఎత్తూ, ఆరంగుళాల మందం, అంతకు మించకూడదు. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఏముంటుందో పెళ్లయిన ఇన్నేళ్లలో నాకే తెలీదు. ఆరోజు మొత్తం టెక్సస్ రాష్ట్రానికి తెలిసింది. బీపీ మాత్రలు, తలనొప్పి మందు, పిన్నీసుల డబ్బా, అమ్మవారి కుంకం పొట్లం, జంతికల ప్యాకెట్టు. జంతికలు బయటే ఆగిపోయాయి. గాజులూ, గొలుసులూ, కుచ్చిళ్లలోంచి భుజం దాకా పెట్టిన పిన్నీసులూ అన్నీ కలిసి మెటల్ డిటెక్టర్ని కాసేపు కూయించాయి. గార్డు అమ్మాయి నవ్వుతూ చీర వంక చూసి "బ్యూటిఫుల్" అంది. మా ఆవిడ నావైపు తిరిగిన చూపులో మా వదిన తీర్పు మొత్తం ఉంది.

బయట ముప్పైఅయిదు డిగ్రీల ఎండ, లోపల పళ్లు టకటకలాడించే ఏసీ. కంచిపట్టు బరువుని నేను ఎగతాళి చేశానే, ఆ చలిలో దాని కొంగు సగం నా భుజం మీదికే వచ్చింది.

ఇక చుట్టూ ఉన్నవాళ్ల సంగతి. మా ముందు వరసలో ఒకాయన పెద్ద టోపీ, ఇస్త్రీ జీన్సు, బూట్లతో పశువుల సంతకొచ్చినంత ధీమాగా కూర్చున్నాడు. పక్కన ఒక కుర్రాడు నిక్కరుతో వచ్చాడు. అక్క పట్టా పుచ్చుకుంటుంటే నిక్కరేమిటని మా ఆవిడ బాధపడింది. కానీ కాస్త అవతల నైజీరియా కుటుంబం ఒకటి కనపడేసరికి మిగతావన్నీ మర్చిపోయింది. ఆ ఆడవాళ్ల తలలకి గెలే అనే పెద్ద చుట్టుబట్ట, గట్టిగా, తళతళలాడుతూ జానెడెత్తున నిలబడి ఉంది. అత్తలూ, పిన్నులూ అందరూ ఒకే తానులోంచి తీసిన బట్ట కట్టారు. వేడుక ఎవరిదైతే వాళ్ల తరఫువాళ్లంతా ఒకే బట్టలో రావడం వాళ్ల పద్ధతట. వాళ్ల వెనక కూర్చున్నవాళ్లకి వేదిక కనపడే ప్రశ్నే లేదు, ఆ విషయం వాళ్లెవరికీ పట్టినట్టూ లేదు. మధ్యలో లేచినప్పుడు ఆ పెద్దావిడ మా ఆవిడ కొంగు పట్టుకుని జరీ చూసింది, ఈవిడ ఆవిడ భుజం మీది గుడ్డ తడిమి చూసింది. ఒకరి భాష ఒకరికి రాదు. ధర మాత్రం చెప్పుకున్నారు. డాలర్లలోకి మార్చేటప్పుడు నన్ను పిలిచారు.

వేదిక మీద మా అమ్మాయి నడిచింది ఏడెనిమిది సెకన్లు. ఆ సెకన్లలో కూడా ఏ గౌను మాదో పోల్చుకోలేక నేను ముందు ఇంకెవరి అమ్మాయికో చప్పట్లు కొట్టేశాను. తనకి మాత్రం ఆ వేలమందిలో మేం ఇట్టే కనపడ్డామట. "అమ్మ చీర అక్కడినుంచి కూడా మెరుస్తోంది నాన్నా" అంది తరవాత. వద్దన్న మనిషే.

బయట పచ్చికలో ఫొటోల కోసం క్యూ. మా ముందూ వెనకా మనవాళ్లే. గుంటూరు, కరీంనగర్, అనంతపురం, అందరి కిందా తెల్ల షూలే. గౌను ఒకటే, వేసుకోవాలన్న సరదా అందరిదీ. అమ్మాయి తర్వాత నేను వేసుకున్నాను. కంచిపట్టు కనపడకుండా పోతుందని మా ఆవిడ ముందు ఒప్పుకోలేదు, తర్వాత బొత్తాము పెట్టకుండా భుజాన వేసుకుని దిగింది. యూనివర్సిటీ దుకాణంలో "డాడ్" అని రాసిన టీషర్టులున్నాయి. ధర రూపాయల్లోకి మార్చుకున్నాక నేను ఎవరి నాన్ననో చొక్కా మీద రాసుకోనవసరం లేదనిపించింది.

ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఐదు నిమిషాలకి సందేశాలు మొదలయ్యాయి. అంచు దగ్గరగా చూపించమని ఒకరు, ఏ షాపని ఒకరు, బ్లౌజు ఎవరు కుట్టారని ఒకరు. పిల్ల ఏం చదివిందని అడిగినవాడు మా బావమరిది ఒక్కడే, వాడైనా ఉద్యోగం వచ్చిందా అని అడగడానికి.

వచ్చేటప్పుడు గౌను మా పెట్టెలోకే వచ్చింది. ముగ్గురు కలిసుండే అపార్ట్‌మెంటులో దాన్నెక్కడ పెట్టుకుంటాను, ఇంటికి తీసుకెళ్లమంది అమ్మాయి. కొన్న గౌను, పారెయ్యడానికి చేతులు రావు. ఆవకాయ ఖాళీ చేసిన చోట్లో పట్టింది. ఆ మధ్య మా పక్కింటి బుజ్జిగాడి స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అంటే మా ఆవిడ బీరువాలోంచి తీసి, కింద మడిచి పిన్నీసులు పెట్టి, వాడికి లాయర్ వేషం వేసింది. వీపున నారింజ అంచు హుడ్ తియ్యబుద్ధి కాలేదు. లాయరుకి ఇదేమిటని టీచరు అడిగితే "సుప్రీంకోర్టు వాళ్లకి ఉంటుంది" అని చెప్పమని నేర్పింది. వాడికి రెండో బహుమతి వచ్చింది. మొదటిది అల్లూరి సీతారామరాజు కొట్టుకెళ్లాడు.